ఆరు నెలల ఆన్‌సైట్‌కి కుక్కర్ మోసుకెళ్లాలా, వద్దా?

ఆల్విన్‌కాలనీ: వచ్చే నెల కంపెనీ పని మీద (ఆన్‌సైట్) జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నా, ఆరు నెలలు. చెక్‌ఇన్‌కి ఒకటే బ్యాగు, 23 కిలోలు, చేతిలో 8. నిన్న రాత్రి అమ్మ సర్దింది. మూడు లీటర్ల కుక్కర్, మిక్సీ, ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఎండుకొబ్బరి, కిలో నెయ్యి. తూకం వేస్తే 26 వచ్చింది, ఇంకా ఒక్క చొక్కా కూడా పెట్టలేదు. ఏం తీసేయాలి? ముందు కుక్కర్ సంగతి తేల్చండి.

తేలికబరువు: అన్నీ తీసెయ్ తమ్ముడూ. ఆరు నెలలకి వెళ్తూ కాపురం పెట్టబోతున్నట్టు సర్దుతారు, అందరూ చేసే తప్పే ఇది. అక్కడ రైల్వే స్టేషన్ చుట్టుపక్కలే ఇండియన్ షాపులున్నాయి, పప్పులు, బియ్యం, మసాలాలు అన్నీ దొరుకుతాయి. 2017లో నేను మ్యూనిక్ వెళ్లినప్పుడు ఒక్క చిన్న బ్యాగుతో దిగా, తొమ్మిది నెలలు హాయిగా ఉన్నా.

మూడోవిజిల్: హాయిగా ఉన్నారు సరే, ఏం తిన్నారో కూడా చెప్పాల్సింది.
తమ్ముడూ, కుక్కర్ తీసుకెళ్లు. కాకపోతే ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసి కుక్కర్ అడుక్కి పెట్టి చూడు. పట్టుకుంటే ఇండక్షన్ స్టవ్ మీద పనిచేస్తుంది, జారిపడితే అది మామూలు అల్యూమినియం అయ్యుంటుంది, నీకిచ్చే ఫ్లాట్‌లో ఇండక్షన్ ఉంటే అది డబ్బా కింద లెక్క. ఖాళీగా మాత్రం పెట్టకు, కందిపొడి, పోపు దినుసులు, సాక్సులు అన్నీ అందులోనే దూరతాయి. రబ్బరు ఇంకోటి వేసుకో. మన సైజు రబ్బరు అక్కడ షాపుల్లో దొరకడం కష్టం.

కూకట్‌పల్లి కుర్రోడు: నెయ్యి తీసెయ్ బ్రో. పాల సరుకు, మాంసం సరుకు మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సొంత బ్యాగులో కూడా రానివ్వరు. అరకిలో నాటుకోడి పచ్చడి, నా కళ్లముందే చెత్తబుట్టలో వేశారు. కవర్‌లో కట్టిన పచ్చి కరివేపాకు కూడా. 2019 డిసెంబర్ నుంచి దానికీ సర్టిఫికెట్ ఉండాలట.

తేలికబరువు: రబ్బరు గురించి ఇంత చర్చ అవసరమా? అన్నం గిన్నెలో వండితే ఉడకదా? అసలు తప్పులు వేరే ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, డాక్టర్ చీటీతో పాటు మందులు, ఒక జత బట్టలు చేతి బ్యాగులో పెట్టుకోవాలి. నా బ్యాగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, అవన్నీ అందులోనే ఉండిపోయాయి. పవర్ బ్యాంక్ చెక్‌ఇన్‌లో పెట్టకూడదు. ఎండుకొబ్బరి విమానాల లెక్కలో మండే సరుకు, అది తీసెయ్. కళ్లద్దాలుంటే రెండో జత ఇక్కడే చేయించుకో. ఇవి చెప్పేవాడు లేడు, కుక్కర్, కుక్కర్!

మూడోవిజిల్: గిన్నెలో కందిపప్పు ఉడికించి చూపించండి, ఎంతసేపు పడుతుందో చూద్దాం.

లైట్‌భయ్: మిక్సీ సంగతేంది భయ్?

మూడోవిజిల్: కరెంటు అక్కడా 230 వోల్టులే, మిక్సీ తిరుగుతుంది. మన లావు మూడు పిన్నులే దూరవు, అడాప్టర్ కావాలి. అమెరికా అయితే 120, అక్కడికి వద్దు. ఆదివారం పొద్దున్నే మాత్రం పచ్చడి రుబ్బకు, పక్కింటివాళ్లు తలుపు కొడతారు. జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదు.

తేలికబరువు: చూశావా తమ్ముడూ, మిక్సీ, అడాప్టర్, రబ్బరు, అయస్కాంతం. ఉద్యోగానికి వెళ్తున్నావా, హోటల్ పెట్టడానికా? పదేళ్లుగా చూస్తున్నా, కంపెనీ ఖర్చులకిచ్చే అలవెన్సు మిగుల్చుకోవడానికి పప్పన్నం తిని బతికే పిసినారితనం ఇది.

మూడోవిజిల్: పిసినారితనమా? సరే, చెప్తా. 2015లో స్టుట్‌గార్ట్‌లో నలుగురం ఒకే ఫ్లాట్. మిగతా ముగ్గురూ "అన్నీ అక్కడే దొరుకుతాయి" అనుకుంటూ దిగినవాళ్లే. అలవెన్సు నలుగురికీ ఒకటే. నేను ఏడింటికి వచ్చి కుక్కర్ పెడితే, ఎనిమిదింటికి ముగ్గురూ పళ్లేలు పట్టుకుని వచ్చేవాళ్లు. మా అత్తయ్య పెట్టిన ఆవకాయ ఆరు నెలలకని తీసుకెళ్తే నలభై రోజుల్లో జాడీ అడుగు గీకారు. కుక్కర్ కడిగింది ఎవరో అడగండి. మీలాంటి తేలిక బ్యాగులన్నీ నాలాంటివాళ్ల బరువు బ్యాగుల మీదే బతుకుతాయి సార్.

తేలికబరువు: అంటే మీ గొడవ సామానుతో కాదు, రూమ్మేట్లతో. నేను ఊరికే తినలేదు. మా ఫ్లాట్‌లో ఒకతను వండేవాడు, కూరగాయలు మొత్తం నేనే తెచ్చేవాణ్ణి.

కూకట్‌పల్లి కుర్రోడు: దొరికిపోయారు అన్నా 😂

తేలికబరువు: నవ్వండి. కానీ రెండో వైపు కూడా వినండి. కుక్కర్ ఎవరిదైతే ఇల్లు వాళ్లదన్నట్టుండేది. ఏం వండాలో అతనే చెప్పాలి, వారంలో ఐదు రోజులు పప్పే. ఎవరు ఎన్ని గరిటెలు వేసుకున్నారో గ్రూపులో లెక్క పెట్టేవాడు. ఒకరోజు నేను గుడ్డు ఉడికిద్దామని తీస్తే, "అది శాకాహారం కుక్కర్" అని చేతిలోంచి లాక్కున్నాడు. ఆ రోజే అనుకున్నా, ఇంకెప్పుడు వెళ్లినా ఎవరి గిన్నె మీదా ఆధారపడకూడదని.

మూడోవిజిల్: మరి అప్పుడైనా ఒక గిన్నె కొనుక్కోవాల్సింది.

నాగోల్ అక్క: మీ ఇద్దరిదీ ఒకెత్తు. ఆడవాళ్లం వెళ్తే కుక్కర్ మనమే తెస్తామని అడక్కుండానే అనుకుంటారు. 2019లో నేను దిగగానే మా టీమ్ లీడ్ అన్న మొదటి మాట, "హమ్మయ్య, ఇక పప్పు దొరుకుతుంది". నేను కావాలనే కుక్కర్ తేలేదు. ఆరు నెలలూ సొంతంగా చిన్న గిన్నెలో నూడుల్స్ వండుకున్నా గానీ, తెచ్చానని మాత్రం అనిపించుకోలేదు. ఆల్విన్‌కాలనీ, నీతో పాటు ఎవరెవరు వస్తున్నారో ముందు అది చెప్పు.

మూడోవిజిల్: అక్కా, ఇది నాకు తట్టలేదు. ఆ నలుగుర్లో ఒకమ్మాయి ఉండి ఉంటే నేను కూడా కుక్కర్ తీసుకెళ్లేవాణ్ణి కాదేమో.

ఆల్విన్‌కాలనీ: ఇంకో ఇద్దరు వస్తున్నారు. ఇప్పుడే గ్రూపులో అడిగా, కుక్కర్ ఎవరు తెస్తున్నారని. ఒకడు "నువ్వు తెస్తున్నావుగా" అన్నాడు, ఇంకొకడు బొటనవేలు పెట్టాడు. అయస్కాంతం కూడా పెట్టి చూశా, జారిపడింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

లైట్‌భయ్: చెప్పకు భయ్. రేపు పొద్దున్నే బేగంబజార్ పోయి ఐదు లీటర్ల స్టీల్‌ది కొనుక్కొస్తది.