సంక్రాంతి వేడుక స్వీట్ స్టాల్: చిమ్మిలి ట్రఫుల్స్‌కి ఎవరెవరు వస్తారు?

వంటల టీమ్:
అందరికీ నమస్కారమండీ. ఈసారి స్వీట్ స్టాల్ మనకే ఇచ్చారు. ఎప్పటిలాగే గులాబ్ జామూన్ ట్రేలు తెప్పిస్తే పనైపోతుంది గానీ, సంక్రాంతి పేరు పెట్టుకుని ప్లేట్లో నువ్వుగింజ ఒక్కటీ లేకపోతే నాకు మనసొప్పడం లేదు. మామూలు నువ్వుల ఉండలు పెడితే ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలు ముట్టడం లేదు, అదే చాక్లెట్ కలిపితే అడిగి మరీ తింటారు, అందుకే చిమ్మిలి ట్రఫుల్స్, అంటే నువ్వులు, బెల్లం ముద్దలో చాక్లెట్ కలిపిన ఉండలు చేద్దాం. నువ్వులు వేయించి బెల్లంతో కలిపి గ్రైండ్ చేస్తే నూనె దిగి ముద్దవుతుంది (నువ్వులో దాదాపు సగం నూనే కదా), దాంట్లో కరిగించిన డార్క్ చాక్లెట్ కలిపి, చల్లారి గట్టిపడుతుండగా ఉండలు చుట్టడమే. క్రీమ్ వద్దు. క్రీమ్ పడితే ఫ్రిజ్ కావాలి, వేడుక జరిగే స్కూల్ కెఫెటీరియాలో మనకిచ్చే ఫ్రిజ్ పెరుగన్నానికే సరిపోదు.

ఒక్కోటి 15 గ్రాముల చొప్పున 300 ఉండలకి లెక్క ఇది: చాక్లెట్ 2 కిలోలు, ముద్దకి నువ్వులు కిలోన్నర, బెల్లం ముప్పావు కిలో, పైన దొర్లించడానికి నువ్వులు పావు కిలో. ముందు కొద్దిగా చేసి చూసి, ఉండ మెత్తగా జారుతుంటే చాక్లెట్ పెంచుదాం.

శ్రీకాకుళం అన్నయ్య:
ఐడియా బాగుందమ్మా. కానీ పలాస జీడిపప్పు ఉండగా నువ్వులెందుకు? మా వైపు పప్పు వేసి చేస్తే ఆ రుచే వేరు, ఖర్చు నేను పెట్టుకుంటాను.

హాల్ పనులు చూసే తమ్ముడు:
అన్నా, జీడిపప్పు, వేరుశెనగ లోపలికి తేవద్దని స్కూలు వాళ్లు రాసిచ్చారు. నువ్వుల సంగతి ఆ కాగితంలో లేదు, ఈ రోజే వాళ్లనడిగి చెప్తాను. వాళ్లు సరేనన్నా నువ్వులు కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదో ముఖ్యమైన అలెర్జీ పదార్థంగా లెక్కేసి, ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయిస్తున్నారు. మనం ప్యాకెట్లు అమ్మడం లేదు, నిజమే, కానీ పిల్లాడికి అలెర్జీ ఉన్న తల్లి ముందు వెతికేది ఆ ఒక్క మాటే. పైన దొర్లించిన గింజలు టేబులంతా రాలతాయి కూడా. గింజలు లోపలే ఉంచి, పైన కోకో పొడి అద్దితే?

వంటల టీమ్:
తమ్ముడూ, స్కూలు వాళ్ల మాట వచ్చాకే సామాను కొంటాను. కోకో పొడి అద్దడం మాత్రం నాకు భయం. పైకి మామూలు చాక్లెట్‌లా కనబడి లోపల నువ్వులుంటే, తెలియని పిల్లాడు గబుక్కున నోట్లో వేసుకుంటాడు. గింజలు పైనే ఉండనీ, దూరం నుంచే కనపడతాయి. ఒక్కో ఉండనీ కాగితం కప్పులో పెడదాం, రాలినా అందులోనే పడతాయి. టేబుల్ వేరే, పట్టకార వేరే, "ఇందులో నువ్వులు ఉన్నాయి" అని తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద బోర్డు. అలెర్జీ ఉన్న పిల్లలకి మన చేత్తో చేసినవేవీ పెట్టొద్దు, పదార్థాలన్నీ రాసి ఉన్న సీల్డ్ ప్యాకెట్లు కొని పక్క టేబుల్ మీద ఉంచుదాం. ట్రఫుల్స్‌కి కొనే చాక్లెట్ వెనకాల కూడా చదవండి, చాలావాటిలో జీడిపప్పు, బాదం లాంటివి తగిలి ఉండవచ్చని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అన్నయ్యా, మీ పలాస పప్పు ఉగాది పిక్నిక్‌కి వాడుకుందాం, అది పార్కులోనే కదా.

ఏలూరు అక్క:
ఆ చాక్లెట్ మన గోదావరి కోకోతో చేసినది దొరికితే తెద్దామా? మా ఊళ్ల వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేసేది అదే. టేబుల్ మీద కోకో కాయ ఫొటో ఒకటి పెడితే పిల్లలకీ తెలుస్తుంది. ఇంకో మాట, మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, పగలంతా ఒక్కతే కూర్చుంటోంది. నువ్వులు వేయించే పని ఆవిడకిస్తే ఎంత సంతోషిస్తుందో!

వంటల టీమ్:
అక్కా, అమ్మగారు వస్తే నాకు సగం టెన్షన్ తీరినట్టే, ఎందుకంటే అసలు రుచంతా ఆ వేపుడులోనే ఉంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులే తీసుకుందాం, పొట్టుతో ఉన్నవి కాస్త చేదు, డార్క్ చాక్లెట్‌తో కలిస్తే ఆ చేదు ఇంకా తెలుస్తుంది. సన్న సెగ మీద చిటపటమనడం మొదలై రంగు కొంచెం తిరగగానే వెడల్పు పళ్లెంలోకి దించేయాలి, మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. బెల్లం మాత్రం పాకం పట్టొద్దు, పొడి బెల్లమే వాడాలి. కరిగిన చాక్లెట్‌కి నాలుగు చుక్కల నీళ్లు తగిలినా బిగుసుకుపోయి పలుకులు పలుకులుగా అయిపోతుంది, కాబట్టి గిన్నెలు, గరిటెలు పొడిగుడ్డతో తుడిచి తీసుకురండి. చాక్లెట్ మరీ వేడెక్కకుండా, 50 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కరిగించాలి. ఆరాక పైన తెల్లటి పొర తేలినా కంగారు పడకండి, అది కొవ్వే, నువ్వుల కింద కనపడదు కూడా.

గోదావరి చాక్లెట్ రెండు కిలోలు ఇక్కడ దొరకడం కష్టం. రుచి చూపించడానికి ఒకటి రెండు బార్లు తెద్దాం, ఉండలకి మామూలుదే వాడదాం.

వేడుక ముందు శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో చేద్దాం. చుట్టడానికి ఇంకా నలుగురు కావాలి, చేతులు వెచ్చగా ఉండేవాళ్లు దయచేసి బోర్డు, కప్పుల పని తీసుకోండి, లేకపోతే ఉండలు చేతికే అంటుకుంటాయి. పేర్లు ఈ కిందే రాయండి. సీల్డ్ ప్యాకెట్లు ఎవరు తెస్తున్నారో ఈ రోజే తేలాలి.