చప్పుడు చేస్తున్న పాత హార్డ్ డిస్క్: ఇంకా చదివించాలా, ఆపేయాలా?

అందరికీ నమస్కారం. పాత కంప్యూటర్లు విప్పి, మళ్లీ బిగించి, లైనక్స్ ఎక్కించడం నాకు సరదా. (ఇంట్లోవాళ్లు జబ్బు అంటారు, అది వేరే సంగతి.) మొన్న అటక మీంచి దించిన డెస్క్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. అందులో పిల్లల చిన్నప్పటి ఫోటోలున్నాయి. వేరే కాపీ లేదు. తప్పు నాదే.

స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) చూస్తే గుండె జారిపోయింది. చదవలేకపోతున్న సెక్టార్ల (డేటా దాచే చిన్న చిన్న గడుల) లెక్క, అదే 197వ నంబరు, సున్నా ఉండాల్సింది 212 ఉంది. వెంటనే డిస్క్‌ని మౌంట్ చేయకుండా (అంటే ఫైళ్లు తెరిచేలా సిస్టమ్‌కి తగిలించకుండా), పాడైన డిస్క్‌ల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ ప్రోగ్రాంతో వేరే డిస్క్‌లోకి ఇమేజ్, అంటే మొత్తం డిస్క్‌కి నకలు, తీయడం మొదలుపెట్టాను. ఏ భాగం చదివిందో, ఏది చదవలేదో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టాను కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే సాగుతుంది. 97 శాతం ఒక్క పూటలో వచ్చేసింది. మిగతాదానికి రెండు రోజులుగా నత్తనడక. నిన్న రాత్రి టక్ టక్ మని చప్పుడు మొదలయ్యేసరికి టెన్షన్ వచ్చి పవర్ తీసేశాను.

ఇప్పుడు చివరి నుంచి వెనక్కి చదివించే ఆప్షన్‌తో ఇంకోసారి చూడాలా? లేక డిస్క్‌ని వదిలేసి, వచ్చిన ఇమేజ్‌కి కాపీ తీసి దాని మీద ఫోటోరెక్ (పోయిన ఫోటోలు, ఫైళ్లు వెతికి తీసే ప్రోగ్రాం) నడపాలా? ఫోటోరెక్ అయితే ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు పోతాయి, అదో బాధ. మ్యాప్ ఫైలుని బట్టి ఏయే ఫోటోలు దెబ్బతిన్నాయో తెలుసుకునే దారి ఉందా? డిస్క్‌ని ఫ్రీజర్‌లో పెట్టమని ఒక స్నేహితుడు అన్నాడు. లోపల తేమ చేరుతుందని ఆ పని చేయలేదు.

చప్పుడు చేసే డిస్క్‌తో ఇలా కుస్తీ పట్టినవాళ్లు ఉంటే చెప్పండి. అప్పటిదాకా దాన్ని ముట్టుకోను.