చీనీ (బత్తాయి) పాదుల్లో ఒక్క వానపాము కూడా లేదు, కొని వదిలితే బతుకుతాయా?

అన్నలారా, మాది తాడిపత్రి పక్కన. మూడెకరాల చీనీ, తొమ్మిదేళ్ల చెట్లు, ఎర్రనేల, డ్రిప్. నాలుగేళ్ల కింద కొన్ని చెట్లు వేరుకుళ్లుతో ఎండిపోయినాయి. అప్పటి నుంచి ఏటా రెండుసార్లు అన్ని పాదుల్లో కార్బెండజిమ్ అనే బూజుతెగులు మందు పోస్తున్నా, వేర్లను పట్టే నులిపురుగులకని కార్బోఫ్యూరాన్ గుళికలు కూడా వేస్తున్నా. ఇప్పుడు పాదు తవ్వితే వానపాము అనేదే లేదు, నేల గట్టిపడి నీళ్లు ఇంకకుండా పక్కకు పారుతున్నాయి. నా చిన్నప్పుడు ఇదే చేనులో వాన పడితే కాలు పెట్టనీకుండా ఉండేవి.

జవాబు: తమ్ముడూ, కొని వదలొద్దు. వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపాములు పేడలో, కుళ్లిన చెత్తలో బతికేవి, మట్టిలో నిలవవు. మీ నేలవి వేరే రకాలు, వాటికి తిండి పెట్టి విషం ఆపితే గట్ల మీద నుంచి అవే వస్తాయి, కాకపోతే టైం పడుతుంది.

నువ్వు వేసిన రెండూ వానపాముకు బాగా చెడ్డవే. అది చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, మట్టినే తింటుంది, కాబట్టి పాదులో పోసిన మందు రెండు దారుల్లోనూ ఒంట్లోకి పోతుంది. ఇంగ్లండులో యాపిల్ తోటల్లో బెనోమిల్ అనే మందు ఏళ్ల తరబడి కొడితే వానపాములు పోయి, రాలిన ఆకు కుళ్లకుండా చెట్ల కింద అట్లే పేరుకుపోయింది. ఆ బెనోమిల్ విరిగితే అయ్యేది కార్బెండజిమే. నీళ్లు ఇంకకపోవడానికీ ఇదొక కారణం, అవి చేసే బొరియలే వాననీటికి దారి. మన జిల్లాలో పడేదే తక్కువ వాన, అదీ పక్కకు పారిపోతే చెట్టుకు ఏం మిగులుతుంది?

అయితే ముందు ఒకటి చూసుకో. ఎండాకాలంలో అవి లోతుకు పోయి ముడుచుకుని పడుకుంటాయి, అప్పుడు తవ్వి లేవనుకోకూడదు. మంచి పదును పడినాక పొద్దున్నే పాదులో ఒక అడుగు గుంత, మందు తగలని గట్టు మీద చెట్టు నీడలో ఇంకొకటి తవ్వి రెండూ పోల్చు.

ఇంకొకరు: మా పులివెందుల వైపు ఇప్పటికీ 10జి గుళికలు అడిగేవాళ్లు ఉన్నారు. అది ఫోరేట్, 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఎవరన్నా ఇస్తామన్నా తీసుకోవద్దు.

అడిగినాయన: మందు ఆపితే చెట్లు మళ్లీ పోతాయేమోనని టెన్షన్ అన్నా.

జవాబు: నిజమే, ఎండిన చెట్టును చూసినోడికే ఆ భయం తెలుస్తుంది. రోగం కనబడిన చెట్టుకు మందు వెయ్యి, బాగున్న చెట్లకు ముందుజాగ్రత్తని పోయడం ఆపు. వాటికి 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (రోగం తెచ్చే బూజును అణిచే మేలుచేసే బూజు) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులుంచి పాదుల్లో వెయ్యి. కార్బెండజిమ్ పోసిన పాదులో వెంటనే వెయ్యొద్దు, ట్రైకోడెర్మా కూడా చస్తుంది. పాదుల మీద శెనక్కాయ పొట్టో ఎండు గడ్డో కప్పు, సాళ్ల మధ్య వానకు జనుము చల్లి పూతకు ముందే కలియదున్ను. గుళికల మాటకొస్తే, వేర్లూ మట్టీ రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి, నులిపురుగులు నిజంగా ఉన్నాయంటేనే ఆలోచించు.

అడిగినాయన: గుళికలు వేసేముందు ఎప్పుడూ పరీక్ష చేయించలేదన్నా. మొన్ననే పదును పడింది, రేపు పొద్దున్నే పాదులో ఒకటి, గట్టు మీద కానుగచెట్టు కింద ఒకటి తవ్వి ఎన్ని ఉన్నాయో ఇక్కడే చెప్తా.