వీసా లెక్కను నమ్ముకుని ఆక్స్‌ఫర్డ్‌కు రావచ్చా?

చర్చ ప్రారంభం: ఆక్స్‌ఫర్డ్‌లోని హెడింగ్టన్‌లో ఉద్యోగి

ఈ ఏడాది ఇక్కడ చేరబోయే పిల్లల తల్లిదండ్రులు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: బ్రిటన్ ప్రభుత్వం విద్యార్థి వీసాకు చూపించమన్న మొత్తం చేతిలో ఉంటే ఆక్స్‌ఫర్డ్‌లో చదువు గడుస్తుందా? గడవదనే నా సమాధానం. 2025 నవంబరు నుంచి లండన్‌లో చదివేవారు నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట చదివేవారు 1,171 పౌండ్లు చొప్పున గరిష్ఠంగా తొమ్మిది నెలల ఖర్చు చూపించాలి. లండన్ బయట అంటే అంతా ఒకటే లెక్క, అద్దెలు తక్కువగా ఉండే మిడిల్స్‌బరో అయినా, లండన్‌తో పోటీపడే ఆక్స్‌ఫర్డ్ అయినా. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన విద్యార్థుల కోసం ప్రచురించే నెలసరి అంచనాలో కనీస సంఖ్య కూడా ఈ వీసా మొత్తాన్ని మించి ఉంటుంది. ఈ ఊళ్లో బతకడానికి సరిపడే కనీస జీతంగా నగర పాలక మండలి సిఫారసు చేసే ‘ఆక్స్‌ఫర్డ్ లివింగ్ వేజ్’ను లండన్ జీవన వేతనంలో 95 శాతంగా లెక్కగడతారు. ఇక్కడి బతుకు లండన్ బతుక్కి దగ్గరని ఊరే ఒప్పుకుంటున్నప్పుడు, వీసా నిబంధన మాత్రం వేరుగా ఎందుకు చెప్పాలి? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లను లండన్ వరుసలో చేర్చాలని నా వాదన.

సమాధానం: గుంటూరు నుంచి ఒక తండ్రి

అయ్యా, మీ లెక్కలు సరైనవే కావచ్చు గానీ మీరు కోరే పరిష్కారం మా వంటి వారి మెడకే చుట్టుకుంటుంది. మా అమ్మాయికి ఆక్స్‌ఫర్డ్‌లో పన్నెండు నెలల మాస్టర్స్‌లో సీటు వచ్చింది. ఫీజుకు బ్యాంకు రుణం మంజూరైంది, జీవన వ్యయానికి మాత్రం మేమే చూసుకోవాలి. ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆ 28 రోజులు నిలబెట్టి, వీసా చేతికి రాగానే తిరిగి కట్టేసిన కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. మీరు అడిగినట్లు లండన్ లెక్క పెడితే తొమ్మిది నెలలకు మరో 3,222 పౌండ్లు చూపించాలి. అప్పు పెరుగుతుందే తప్ప, అక్కడికి చేరాక పిల్ల చేతిలో ఒక్క పౌండు కూడా పెరగదు. తొమ్మిది నెలలు ఎలాగో నెట్టుకొస్తే, వేసవిలో పూర్తి సమయం పని చేసుకుని మిగతాది సంపాదించుకుంటుందని మా ధైర్యం.

సమాధానం: ఆక్స్‌ఫర్డ్‌లో కౌలీ రోడ్డు దగ్గర ఉండే పరిశోధక విద్యార్థి

అద్దె గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే మనవాళ్లు వేసుకునే లెక్క ఎక్కువగా తప్పేది అక్కడే. వేరే ఊళ్లలోలాగా ఒక ఇల్లు తీసుకుని ఎనిమిది మంది సర్దుకుందామనే ఆలోచన ఇక్కడ సాగదు. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు, అంతకు మించి కలిసి ఉండే ప్రతి ఇంటికీ నగర పాలక మండలి లైసెన్సు ఉండాలి. ఇద్దరు పెద్దవాళ్లు పడుకునే గది కనీసం 10.22 చదరపు మీటర్లు ఉండాలన్నది ఇంగ్లండ్ అంతటా ఉన్న నిబంధన. ఈ నిబంధనలు మన క్షేమం కోసమే, నేను వాటిని తప్పుపట్టను. అయితే చుట్టూ కొత్త కట్టడాలను నియంత్రించే గ్రీన్ బెల్ట్, మధ్యలో థేమ్స్, చెర్వెల్ నదుల వరద మైదానాలు ఉండటంతో ఊరు విస్తరించే చోటు తక్కువ. ఆ కొద్ది ఇళ్ల కోసం రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులూ, పెద్ద ఆసుపత్రుల సిబ్బందీ పోటీపడతారు. ఉద్యోగం చేసేవారితో కలిసి ఇల్లు తీసుకుంటే మరో చిక్కు ఉంది: అందరూ పూర్తికాల విద్యార్థులైన ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద వేసే స్థానిక పన్ను) ఉండదు, ఒక్క ఉద్యోగి చేరినా బిల్లు వస్తుంది, దాన్ని ఎలా పంచుకోవాలన్న తగాదా మొదలవుతుంది.

సమాధానం: చర్చ ప్రారంభించినవారు

గుంటూరు నుంచి రాసిన పెద్దాయన మాటతో నా వాదనను మార్చుకుంటున్నాను. చూపించాల్సిన మొత్తాన్ని పెంచడం వల్ల భారం అప్పు చేసేవారి మీదే పడుతుందన్నది నేను ఆలోచించని కోణం. కాబట్టి నిబంధన మారాలని ఇక కోరను. విశ్వవిద్యాలయాలు సీటు ఇచ్చే ఉత్తరంలోనే వీసా మొత్తం పక్కన తమ ఊరి నిజమైన ఖర్చును, అదీ కోర్సు మొత్తం కాలానికి, ముద్రించాలని కోరుతున్నాను. వెబ్‌సైటులో ఎక్కడో ఒక పుటలో ఉన్న అంచనా, పొలం తాకట్టు పెట్టే రైతు కంట పడదు.

అయ్యా, మీ ధైర్యం గురించి మాత్రం కటువుగానే చెప్పక తప్పదు. మాస్టర్స్ విద్యార్థులకు వేసవి సెలవు కాదు, అది డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం. వీసా దృష్టిలో అది కూడా చదువు కాలమే కనుక అప్పుడు కూడా వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మించితే వీసాకే ప్రమాదం. మీ అమ్మాయి అక్టోబరులో చేరితే, వీసా కోసం చూపించిన తొమ్మిది నెలలు జూన్‌తో అయిపోతాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ఆమెతో కూర్చుని ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. గదికి డిపాజిట్ కట్టే ముందు, ఒప్పందం ఏ నెల వరకు ఉందో కూడా చూసుకోండి.