సముద్రం మూసుకుపోతే లారీలు, రైళ్లతో ఒక దేశం గట్టెక్కుతుందా? (ఉక్రెయిన్ రవాణా మీద చర్చ)

సూర్యాపేట లారీ ఓనర్:
మొన్న సన్‌ఫ్లవర్ నూనె ధరల మీద మాట్లాడుకుంటుంటే ఒకరు "యుద్ధంతో ఉక్రెయిన్ ట్రాన్స్‌పోర్ట్ పని ఖతం" అని రాశారు. నేను ఒప్పుకోను. 2022 జూన్ 29న యూరోపియన్ యూనియన్‌తో వాళ్లకు రోడ్డు రవాణా ఒప్పందం కుదిరింది. అంతకుముందు పర్మిట్లకు కోటా ఉండేది, అది అయిపోతే బండి నిలిచిపోయేది. ఇప్పుడు పోలండ్ మీదుగా జర్మనీ దాకా విడిగా పర్మిట్ అక్కర్లేదు. మన లైన్‌లో ఉన్నవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. రాష్ట్రం విడిపోయాక హుజూర్‌నగర్ సిమెంటు కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోవాలంటే స్టేట్ పర్మిట్ బండికి టెంపరరీ పర్మిట్ తీయాల్సి వచ్చింది, కౌంటర్ సిగ్నేచర్ (ఒక రాష్ట్రం పర్మిట్ రెండో రాష్ట్రంలోనూ చెల్లేలా చేసే సంతకం) ఇవ్వండి మహాప్రభో అని మనవాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. వాళ్లకు యుద్ధం మధ్యలో ఆ తలుపు తెరుచుకుంది. అది అవకాశం కాదా?

మిర్యాలగూడ మిల్లర్:
అన్నా, పర్మిట్ సంగతి సరే, టన్నుల లెక్క చూడు. ఒక ఓడలో 50,000 టన్నుల గోధుమ పోతుంది. 25 టన్నుల చొప్పున వేసుకున్నా 2,000 లారీలు కావాలి. యుద్ధానికి ముందు వాళ్ల ధాన్యంలో 90 శాతం దాకా నల్ల సముద్రం రేవుల నుంచే బయటికి పోయేది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక ఆ రేవులు మూతపడితే ధాన్యం గోదాముల్లోనే ఉండిపోయింది, రైతుకు రేటు పడిపోయింది. జూలై 22న తుర్కియే (టర్కీ), ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంతో ఇస్తాంబుల్‌లో ఒప్పందం అయ్యాకే ఓడలు కదిలాయి. 2023 జూలై 17న రష్యా తప్పుకునే దాకా దాదాపు 3.3 కోట్ల టన్నులు బయటికి వెళ్లాయి. ఏ లారీలు మోస్తాయి అంత?

ఇన్సూరెన్స్, ఫ్రైట్ (ఓడ కిరాయి) గురించి కూడా ఆలోచించు, సముద్రంలో ప్రమాదం ఉంటే రెండూ పెరుగుతాయి. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక అమెరికా పోయే మా సోనా మసూరి కంటెయినర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. కొనేవాడు పెరిగిన ఫ్రైట్ తను భరించడు, బియ్యం రేటు తగ్గించమంటాడు. ఆ తగ్గింపు నా దగ్గర ఆగదు, వడ్లు తెచ్చిన రైతు దాకా పోతుంది.

పాలమూరు డాక్టర్:
నేను ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో చదివాను, యుద్ధం రాగానే పోలండ్ మీదుగానే ఇంటికొచ్చాను. ఆ సరిహద్దు చూసినదాన్ని కాబట్టి రైలు గురించి చెప్తాను. ఉక్రెయిన్ పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, యూరప్‌లో 1435. తేడా జానెడు కూడా లేదు, కానీ దానివల్లే రైలు నేరుగా దాటలేదు. వ్యాగన్ లేపి కింద చక్రాల సెట్టు మార్చాలి, లేదా సరుకంతా పక్క పట్టాల మీదున్న వ్యాగన్‌లోకి మళ్లీ ఎక్కించాలి. వేల టన్నుల ధాన్యానికి ఆ పని చేస్తే ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుసు.

విమానాలైతే అసలే లేవు, మొదటి రోజు నుంచే పౌర విమానాలకు ఆకాశం మూసేశారు. ఉక్రెయిన్‌కు చెందిన ఆంటొనోవ్ కంపెనీ తన భారీ సరుకు విమానాలను జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి నడుపుతోంది. అంటే దేశం బయట ఉండి కూడా ఆ దేశపు రవాణా కంపెనీ సంపాదిస్తోంది. ఇది లారీ అన్న వాదనకే బలం.

సూర్యాపేట లారీ ఓనర్:
థాంక్స్ అమ్మా. మిల్లర్ తమ్ముడూ, గోధుమ అంతా లారీల్లో పంపమని నేను అనలేదు. యూరప్ కార్ల ఫ్యాక్టరీలకు కావాల్సిన వైరింగ్ ఉక్రెయిన్ నుంచి పోతుంది, దానికి లారీయే దిక్కు. నన్ను కలవరపెట్టేది డ్రైవర్ల సంగతి. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటొద్దని మొదట్లోనే ఆంక్ష పెట్టారు, స్టీరింగ్ పట్టేవాడికి ప్రత్యేక అనుమతి ఉండాలి, సైన్యం పిలిస్తే పోవాలి. దానికితోడు 2023 నవంబర్ 6 నుంచి కొన్నాళ్లు పోలండ్ లారీ వాళ్లు సరిహద్దులో అడ్డం కూర్చున్నారు, ఉక్రెయిన్ బండ్లు తక్కువ కిరాయికి వచ్చి మా పని లాక్కుంటున్నారని. వాళ్ల బాధా తీసేసేది కాదు, కానీ చలిలో రోజుల తరబడి లైన్లో ఇరుక్కున్న డ్రైవర్ ఏం పాపం చేశాడు?

మిర్యాలగూడ మిల్లర్:
అదే నేను చెప్పేది, పక్క దేశం దయ మీద నడిచే దారి ఎప్పుడైనా ఆగుతుంది. డాన్యూబ్ నది మీద ఇజ్మయిల్, రేనీ రేవులు యుద్ధంలో కిటకిటలాడాయి. 2023 ఆగస్టులో రొమేనియా, బల్గేరియా తీరం వెంబడి సొంత సముద్ర మార్గం తెరవగానే సరుకు మళ్లీ నల్ల సముద్రం మీదున్న ఒడెసా రేవు వైపే మళ్లింది. ఉన్న డబ్బు రేవుల రక్షణకూ ఓడల బీమాకూ పెట్టాలి. రోడ్లకూ రైళ్లకూ తర్వాత.

పాలమూరు డాక్టర్:
ఒడెసా రేవు మీద ఇప్పటికీ డ్రోన్లు పడుతూనే ఉన్నాయి కదా అన్నా. 2022లో ఇస్తాంబుల్ ఒప్పందం అయ్యే దాకా నెలల తరబడి బయటికి వచ్చిన ధాన్యం డాన్యూబ్ మీదా, రైళ్లూ లారీల్లోనే వచ్చింది. మీరు తర్వాత అంటున్న ఆ దారులు అప్పుడు లేకపోతే ఆ కొంచెం కూడా కదిలేది కాదు. సముద్రం మళ్లీ మూసుకుంటే అప్పటికప్పుడు పట్టాలు ఎవరు వేస్తారు?