సంక్రాంతి గ్రీటింగ్ కార్డులు వేయిస్తా ఉన్నా, రెండు డౌట్లు, కొంచెం చెప్పండి

అన్నా అక్కా, మాది తిరుపతి. ఈసారి వాట్సాప్ ఫార్వర్డులు కాకుండా చుట్టాలకి పోస్టులో కార్డులే పంపాలని ఉంది. బొమ్మ రెడీ, శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో నల్ల గీతతో గంగిరెద్దు, కింద ముగ్గు, రంగులు మూడే, స్క్రీన్ ప్రింటింగ్ అయితే ఇంకు మందంగా నిలబడి చేత్తో గీసినట్టే ఉంటాదని నా నమ్మకం. కానీ 300 జీఎస్‌ఎం కాగితం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటిది) మడత దగ్గర రంగు పగులుతుందంటున్నారు, ముందే క్రీజింగ్ (మడత వచ్చే చోట గాడిలా నొక్కడం) చేయిస్తే చాలా?

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన క్రిస్మస్ కార్డు అచ్చేయించింది అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకనే అంట, నేను మాత్రం లోపల ఖాళీ వదిలి ఒక్కో ఇంటికి నాలుగు మాటలు చేత్తోనే రాస్తా.

అసలు డౌటు ఇది. మా చిన్నత్త వాళ్ళింట్లో మామ పోయి ఇంకా ఏడాది తిరగలేదు, వాళ్ళకి పండగ లేదు. శుభాకాంక్షలని అచ్చేసిన కార్డు పంపితే అత్త మనసు కష్టపడతాది, అందరికీ పంపి ఆమెకొక్కదానికే మానేస్తే మనల్ని పక్కన పెట్టేశారు అనుకుంటాది, అది ఇంకా బాధ. ఆమె కోసం ముగ్గూ అక్షరాలూ తీసేసి వట్టి చెట్టు బొమ్మ వేయించి, లోపల ఉత్తరం రాసి, పండగ అయినాక పంపచ్చా? మీ ఇళ్ళల్లో ఇట్లాంటప్పుడు ఏం చేస్తారు, పెద్దోళ్ళని అడిగైనా చెప్పండి.