గణితానుగమనంలో "కె కి నిజం అనుకుందాం" అంటే మోసం కాదా?

మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. నిన్న రాత్రి లెక్కలు చేస్తూ ఒక ప్రశ్న వేశాడు. నా దగ్గర సరైన జవాబు లేదు.

1 నుంచి ఎన్ వరకు కూడితే ఎన్(ఎన్+1)/2 వస్తుందని గణితానుగమనంతో (మ్యాథమెటికల్ ఇండక్షన్: ముందు 1 కి నిజమని చూపి, తర్వాత ఏదైనా సంఖ్య కె కి నిజమైతే కె+1 కి కూడా నిజమని చూపే పద్ధతి) నిరూపించాలి. ఎన్ = 1 కి సరిపోయింది. తర్వాత "కె కి నిజం అనుకుందాం" అని, రెండు వైపులా కె+1 కలిపి, (కె+1)(కె+2)/2 తెచ్చేశాడు. స్టెప్పులన్నీ కరెక్టే. "నిరూపించాల్సిందాన్నే ముందు నిజం అనేసుకుంటే ఇంక నిరూపించిందేంటి నాన్నా?" అంటాడు. మొదటి మెట్టు ఎక్కి, ఏ మెట్టు నుంచైనా పై మెట్టుకి వెళ్లగలిగితే అన్నీ ఎక్కేసినట్టే అని మెట్ల పోలిక చెప్పి చూశాను, ఒప్పుకోలేదు.

పైగా నేనే ఇంకో చిక్కు తెచ్చిపెట్టుకున్నాను. ఆ సూత్రానికి చివర 5 కలిపి చూస్తే, అది తప్పు సూత్రమే అయినా కె నుంచి కె+1 కి చక్కగా వెళ్లిపోతోంది! ఎన్ = 1 దగ్గర మాత్రం 1 బదులు 6 వస్తోంది. అంటే కె నుంచి కె+1 కి వెళ్లే రెండో స్టెప్పు నిరూపించేది సూత్రాన్ని కాదు, "కె కి నిజమైతే కె+1 కి నిజం" అన్న లంకెను మాత్రమేనా? నా ఆలోచన సరైనదేనా?

లెక్కల మాస్టార్లెవరైనా ఉంటే, పదహారేళ్ల పిల్లాడికి ఎక్కేలా ఎలా చెప్పాలో కాస్త చెప్పండి. మార్కుల కోసం బట్టీ పట్టమనడం నాకిష్టం లేదు.